గోపమ్మ పెంచిన కౌజు

వాగు గట్టు బోడిగుండయిపోతే కౌజు పిట్టలు ఎక్కడ గుడ్లు పెడతాయని, ఆ ఏడు ఊరు ఊరంతా శ్రమదానానికి దిగింది. గట్టు పొడుగునా కానుగ మొక్కలు నాటారు. గడ్డిని పెరగనిచ్చి, పశువులు దూరకుండా తుమ్మకంప వేశారు. కంప లోపల ఉచ్చు పెట్టినవాడి మందకు ఎండాకాలమంతా వాగు మడుగు నీళ్లు బంద్ అని పెద్దమనిషి ఐలేశం కట్టుబాటు పెట్టాడు. అందరితోపాటు గోపమ్మ మొగుడు బీరప్పా తలూపాడు. తలూపడానికేం, ఆయన గొర్రెలూ ఊపుతాయి.

ఎండలు ముదిరాక ఒక పొద్దున అందరూ కంప సర్దుతుంటే గడ్డిలోంచి కౌజు కూసింది.

"ఇన్నరా, పిట్టలొచ్చినయి," అన్నాడు ఐలేశం. ముసలాయన కళ్లు చెమర్చాయి.

గోపమ్మ ఆ కూతను గుర్తుపట్టింది. చివర్న జీరపోయే ఆ గొంతు ఆమె ఇంటి పిట్టది. పిల్లగా ఉన్నప్పటి నుంచి చెదలు ఏరి తినిపించి పెంచింది. పొద్దున పంజరం కనబడకపోతే, మొగుడు మంద వెంట తీసుకుపోయాడనుకుంది. నకిరేకల్ అంగట్లో కౌజులకు గిరాకీ అని, దాని కూతకు వచ్చే పిట్టల్ని పట్టాలని, దాన్ని ఇక్కడ ఎరగా పెట్టిపోయాడన్నమాట. ఈ మొగుణ్ణి ఎంత తిట్టినా పాపం లేదు. కానీ గొర్రెలేం చేశాయి? ఆ మడుగు తప్ప వాటికి వేరే నీళ్లు లేవు.

"గుడ్లున్నయేమో చూద్దాం," అని ఐలేశం కంప జరిపాడు.

"అందరు పోతే తొక్కుతరు మామా. నేను చూసొస్త," అంది గోపమ్మ.

గడ్డిలో పంజరం, చుట్టూ ఉచ్చులు. గబగబా ఉచ్చులు పీకి ఒళ్లో దోపుకుంది. తలుపు తీసి పిట్టను బయటికి తోసి, పంజరాన్ని మడుగు బురదలో తొక్కేసింది.

"పో తల్లీ, నీ వాళ్లల్ల కలువు," అని గొణిగింది. పిట్ట పొదలోకి దూరింది. దేవుడున్నాడనుకుంది గోపమ్మ.

బయటికొచ్చి, "ఏం లేవు మామా," అని కొంగుతో చెమట తుడుచుకుంది.

అందరూ ఆమె కాళ్ల వైపే చూస్తున్నారు. వెనకాలే నడిచొచ్చిన కౌజు, చెదలు పెడుతుందేమోనని తలెత్తి, ఆమె చీర అంచును ముక్కుతో లాగుతోంది.

అవతలి గట్టు మీద బీరప్ప మంద నీళ్ల కోసం అరుస్తూ దిగుతోంది. ఐలేశం కర్ర తీసుకుని, వాగు దాటి, మడుగు దారికి అడ్డంగా నిలబడ్డాడు.