సరుగుడు పూత

రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నవాడికి దుమ్ముతో వియ్యం తప్పదు. జగన్నాధం ఇల్లు చీపురుపల్లి రోడ్డు మీదే ఉంది. రోడ్డు వెడల్పయ్యాక లారీల వరస తెగలేదు. పొద్దున ఆరేసిన చీర సాయంత్రానికి మసిగుడ్డ అయ్యేది. భార్య ఈశ్వరి, మేనమామ కూతురే, దగ్గుతుంటే చూడలేక ఇంటికీ రోడ్డుకీ నడుమ సరుగుడు మొక్కలు ఒత్తుగా నాటాడు. మెట్టలో అందరూ కలప కోసం వేసే చెట్టును అతను పెళ్లాం కోసం వేశాడని ఊళ్లో ఎగతాళి చేశారు. చేస్తే చేశారు, వాళ్ల సొమ్మేం పోయింది.

మొక్కలు బతికాయి. హుద్‌హుద్ తుఫానుకి వంగాయే గాని పడలేదు. లారీ పొగంతా పట్టి ఆకు నల్లబడేది.

"సూసినావా, మనం తాగాల్సిన పొగ అవి తాగుతన్నాయి" అని మురిసిపోయేవాడు.

రాలిన ఆకును ఈశ్వరి రోజూ ఊడ్చి పొయ్యిలోకి పోగుచేసేది. ఇంట్లో గ్యాసు బండ ఉన్నా, నీళ్లు కాగబెట్టడానికి ఆ వైపు ఆడవాళ్లకి సరుగుడాకే కావాలి. ఊరికే వచ్చేదాన్ని ఎవరు వదులుకుంటారు?

చెట్లు నిండుగా పూతకొచ్చిన ఏడాది ఆమె ఊపిరికి చేటొచ్చింది. కొమ్మల చివర తుప్పురంగు పూత, చీపురు తగిలినప్పుడల్లా సన్నటి పొడి. ముందు తుమ్ములు, తర్వాత పిల్లికూతలు. ఆ ఫాల్గుణంలో ఒక ఉదయం ఊడుస్తూ ఊడుస్తూనే చెట్ల కింద చతికిలబడి, గాలి కోసం నోరు తెరిచింది. జగన్నాధం ఆటోలో విజయనగరం తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు పద్మకుమారి నెమ్మదస్తురాలు. అంతా విని చెప్పింది.

"సరుగుడు పుప్పొడి కొందరికి పడదండి. కానీ ఉత్త పుప్పొడి వేరు, లారీ పొగ పట్టిన పుప్పొడి వేరు. పొగకి అది చిట్లుతుంది, దాని పదును పెరుగుతుంది. పొగ పీల్చి ఊపిరితిత్తులు ముందే వాచి ఉంటాయి. రెండూ కలిసి ఆవిణ్ణి ఇలా చేశాయి."

జగన్నాధానికి రెండు సంగతులూ వినబడ్డాయి. కానీ లారీని అతనేం చెయ్యగలడు? చెట్టునైతే నరకగలడు. చేతికి అందినదాని మీదే నేరం మోపడం మనిషికి అలవాటు. ఈశ్వరిని శృంగవరపుకోట అవతల పల్లెలో, ఆమె అక్క మరిడమ్మ ఇంట్లో దింపి వచ్చి గొడ్డలి పట్టాడు. చంటిపిల్లల్లా పెంచిన చెట్లు. ఒక్కొక్కటీ పడుతుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా.

మర్నాటి నుంచి పొగ నేరుగా వంటింట్లోకే వచ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, దగ్గంటే ఎరగని జగన్నాధమే దగ్గడం మొదలెట్టాడు. అయినా ఇల్లంతా కడిగి, సున్నం వేసి, పెళ్లాన్ని తెచ్చుకోవడానికి బయల్దేరాడు.

మరిడమ్మ ఇంటి వెనక కొండవాలు దాకా సరుగుడు తోటే. నిండా పూత. ఆ చెట్ల కిందే ఈశ్వరి ఆకు ఊడుస్తోంది.

"సెప్తే ఇనదు, అలవాటు పోనేదు" అంది మరిడమ్మ.

పొడి లేచింది. ఈశ్వరి ఒక తుమ్ము తుమ్మి, ముక్కు తుడుచుకుని, మళ్లీ చీపురు అందుకుంది. పిల్లికూత లేదు, ఆయాసం లేదు. జగన్నాధం ఉన్నచోటే నిలబడిపోయాడు. ఇక్కడా అదే చెట్టు, అదే పూత. లేనిది లారీ పొగ ఒక్కటే. డాక్టరు చెప్పిందాంట్లో తను పక్కన పెట్టిన సగం ఇప్పుడు గుండెలో దిగింది.

అతన్ని చూసి ఈశ్వరి నవ్వుతూ వచ్చింది.

"సెట్లు కొట్టీసినావంట గదా బావా. ఇంక నాకేటీ అవదు. సంచి సర్దీసుకున్నాను, ఎల్దుం."

"వద్దే. నువ్విక్కడే ఉండు."

"ఎన్నాళ్లు?"

అతను ఆమె చేతిలోని చీపురు తీసుకుని అరుగుకి ఆనించాడు.

"రోగిష్టిదాన్నని ఇసుగొచ్చిందేటి?"

"ఆ ఇంట్లో నువ్వు బతకలేవే ఈశ్వరీ. సెట్లున్నా బతకలేవు, లేకపోయినా బతకలేవు."

"మరి నువ్వో?"

"పొలం, గొడ్లు ఎవులు సూస్తారు? వారానికోపాలి వస్తాను."

ఈశ్వరి అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఇంటిదగ్గరైతే రెండు కన్నీటిచుక్కలకే ఎగశ్వాస వచ్చేది, ఏడుపు మధ్యలోనే ఆగిపోయేది. ఇప్పుడు వెక్కివెక్కి, తనివితీరా ఏడుస్తోంది. జగన్నాధం పక్కన కూర్చుని ఆ ఊపిరినే విన్నాడు. ఎక్కడా అడ్డుపడలేదు. సంతోషమో దుఃఖమో తెలియక అతనికీ కళ్లు నిండాయి. ఆమె సంచి తీసుకెళ్లి మరిడమ్మ ఇంట్లో పెట్టి, ఒక్కడే బస్సెక్కాడు.