వెనక గోడ స్పీకరు

డానియేలు తీగ చివరను పళ్ల మధ్య పెట్టి తోలు ఒలిచాడు. నోట్లోకి వచ్చిన ప్లాస్టిక్ ముక్కను నిచ్చెన మీద నుంచే పక్కకు ఉమ్మి, రాగి పోగుల్ని వేళ్లతో మెలిపెట్టాడు. బొటనవేలి గోరు నల్లగా, అడ్డంగా చీలి ఉంది. మనిషి పొట్టి. ఎడమ చెవి సరిగా పనిచేయదు. ఎన్నో ఏళ్లు పెళ్లి బారాత్‌లలో మైకు హారన్ల పక్కన నడిచిన చెవి అది. పెళ్లి చేసుకోలేదు. మొఘల్‌పురాలో మైక్‌సెట్ దుకాణంలో పని, దుకాణం మీది గదిలోనే కాపురం.

ఉప్పుగూడ స్టేషన్ దగ్గరి చర్చికి కొత్త హాలు కట్టారు. పాత హాల్లో పెద్ద స్పీకర్లు రెండే ఉండేవి. ముందు కూర్చున్నవాళ్లకు చెవులు పగిలేవి, వెనకవాళ్లకు దేవుని వాక్యం సగమే అందేది. ఇప్పుడు గోడల వెంట చిన్న స్పీకర్లు వరుసగా బిగించాలి. ఆంప్లిఫయర్ మెషిన్ నుంచి ఒకే జత తీగ బయల్దేరి హాలంతా చుట్టివస్తుంది. వీధి లైను నుంచి ఇళ్లు కరెంటు తీసుకున్నట్టు, ప్రతి స్పీకరూ ఆ జతనుంచే తన వాటా తీసుకుంటుంది. స్పీకరు వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దానికి కొన్ని పాయింట్లు. తీగ ఎంత పెద్ద పాయింట్‌కు బిగిస్తే అంత శబ్దం. అన్ని వాటాలూ కలిపినా మెషిన్ శక్తికి లోబడే ఉండాలి.

పాస్టరు కృపాకర్ వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు. వయసులో చిన్నవాడు.

"డానియేలన్నా, వెనక గోడకు బయట గూడ ఒకటి పెట్టరాదే?"

"బయటెందుకు అయ్యగారూ?"

"ఆనందరావన్న మంచంల పడ్డడు గదా. ఆయన కిటికీ గటే ఉన్నది. పండుకోనన్న ప్రార్థన ఇంటడు."

స్క్రూ తిప్పుతున్న చెయ్యి ఆగింది.

"మస్తు దూరమైతది."

"ఈ లైన్‌ల దూరమైతే ఫికర్ లేదని పొద్దుగాల నువ్వే చెప్పినవ్."

డానియేలు మళ్లీ స్క్రూ తిప్పసాగాడు. పాస్టరు ఎవరింట్లోనో ప్రార్థన ఉందని వెళ్లిపోయాడు.

ఆనందరావు డానియేలుకు సొంత అన్న. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. తల్లి పోయిన రోజు డానియేలు బహదూర్‌పురాలో ఒక పెళ్లి ఊరేగింపులో ఉన్నాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. అతను వచ్చేసరికి తల్లి ముఖం మీద గుడ్డ కప్పేశారు. "అమ్మ పానం పోతుంటే ఎవని పెండ్లిల పాటలేసినవ్‌రా?" అన్నాడు ఆనందరావు, అందరి ముందూ. డానియేలు సమాధి దాకా నడిచి, అటునుంచి అటే వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మధ్యాహ్నం ఎండలో తీగను కిటికీలోంచి బయటికి లాగాడు. చర్చి వెనక ప్రహరీ గోడ ఛాతీ ఎత్తు ఉంటుంది. దానికి అవతల అన్న వాకిలి, తెరిచిన కిటికీ, మంచం కోడు, దుప్పటి కిందినుంచి బయటికి వచ్చిన ఒక పాదం. డానియేలు అటు వీపు పెట్టి స్పీకరు బిగించాడు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ సరిచూశాడు. రోగి మనిషికి లొల్లి కావద్దని తీగను అన్నిటికన్నా చిన్న పాయింట్‌కు కలిపాడు. ఆ పని చేస్తుండగా రెండుసార్లు ఛాతీ రుద్దుకున్నాడు.

అన్న భార్య ఆగమ్మ చేతులు తుడుచుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది.

"ఏందయ్యా, ఇది మా కోసమేనా?"

"పాస్టర్ అయ్యగారు పెట్టమన్నరు వదినే. నేను లోపల మాట్లాడుత. ఇనబడ్డదో లేదో జర చెప్పు."

హాల్లోకి వెళ్లి మైకు పట్టుకున్నాడు. మామూలుగా అతను వేలితో కొట్టి చూసి, ఎవరి చేతికో ఇచ్చేస్తాడు. ఇప్పుడు హాల్లో ఎవరూ లేరు.

"హలో... చెక్... వదినే, ఇనబడ్తుందా?"

బయటికి నడిచి వచ్చాడు. ఆగమ్మ నవ్వు ఆపుకుంటోంది.

"నాకైతే ఇనబడ్డది. నన్ను గాదంట, తననడుగుమంటుండు మీ అన్న."

డానియేలు కాసేపు గోడ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తిరిగి లోపలికి వెళ్లాడు. మైకు నోటికి దగ్గరగా తెచ్చి, దూరం జరిపి, మళ్లీ తెచ్చాడు.

"అన్నా... ఇనబడ్తుందా?"

అతని గొంతు అన్ని గోడల నుంచీ ఒక్కసారే వచ్చింది. తన గొంతు అంత ముసలిదైందని అతనికి అప్పటిదాకా తెలియదు.

"ఆ దినం నాకు ఫోన్ ఇనబడలే అన్నా. హారన్ల పక్కపొంటి ఉన్న."

స్విచ్ ఆపేశాడు. బయటికి వచ్చేసరికి గోడ దగ్గర ఆగమ్మ లేదు. కిటికీలోంచి ఏదో మాట వచ్చింది. డానియేలు కుడి చెవి అటు తిప్పాడు.

"సౌండ్ జర పెంచు తమ్మీ. సన్నగున్నది."

డానియేలు స్పీకరు విప్పి, తీగను పై పాయింట్‌కు మార్చాడు. దానికి కావాల్సినంత శక్తి మెషిన్‌లో ఇంకా మిగిలే ఉంది.

ఆగమ్మ గోడ మీదుగా చాయ్ అందించింది. "చక్కెర ఎక్కువెయ్యమన్నడు. నీకు గట్లనే ఇష్టమంట. పని అయినంక లోపలికి రమ్మన్నడు."

"వస్త వదినే. జర కూసుంట."

గోడ నీడలో కూర్చుని చాయ్ తాగాడు. చెయ్యెత్తి గ్లాసు గోడ మీద పెట్టాడు. ఆగమ్మ లోపల మొగుడికి అన్నం కలిపి తినిపించి, ఎంతకీ రాడేమని బయటికి వచ్చింది. డానియేలు గోడకు తల ఆనించి ఉన్నాడు, కళ్లు సగం మూసి. ఎండ అతని మోకాళ్ల మీదికి వచ్చినా కాళ్లు ముడుచుకోలేదు. ఆమె పేరు పెట్టి పిలిచింది. గోడ మీదుగా వంగి భుజం తట్టింది. తర్వాత అరిచింది.

గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

మర్నాడు కొత్త హాల్లో మొదటి ప్రార్థన డానియేలు అంత్యక్రియలదే అయింది. ఏ మూల కూర్చున్నవాళ్లకైనా పాస్టరు మాట ఒకేలా వినబడింది. ఎక్కడా గరగర లేదు. ఆగమ్మ కిటికీ రెక్కలు రెండూ తెరిచి, భర్తను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. ఆనందరావు చివరి పాట అయ్యేదాకా స్పీకరు వైపే చూస్తూ ఉన్నాడు. పాట ఆగాక కూడా కిటికీ వెయ్యనివ్వలేదు.

గోడ మీద స్టీలు గ్లాసు అలాగే ఉంది. అడుగున కరగకుండా మిగిలిన చక్కెరకు చీమలు పట్టాయి.