దశరథ సారు పేజీలు

సగం దించిన షట్టర్ కింద నుంచి నడుం వంచి లోపలికి దూరాడు దశరథ. తెలంగాణ బంద్ ఉన్న రోజున దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లన్నిటికీ అదే దారి. బస్సుల్లేవు, ఆటోల్లేవు, మన్సూరాబాద్ నుంచి నడిచే వచ్చాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో ధర్నా దగ్గర నిలబడి, గొంతు కలిపి మరీ వచ్చాడు. బంద్ బందే, పాఠం పాఠమే అన్నది ఆయన వాదం. నెరిసిన మీసం మీది చెమట తుడుచుకుని కంప్యూటర్ ఆన్ చేశాడు.

పేజీలు లేవు.

ఆ పేజీలంటే ఆయనకి ప్రాణం. ఎక్కడెక్కడి మహానుభావులో నెట్‌లో ఊరికే రాసిపెట్టినవి. మెమొరీలో అంకె ఎక్కడ కూర్చుంటుంది, ఒకట్లూ సున్నాలతో కూడిక ఎలా జరుగుతుంది, చిందరవందరగా ఉన్న అంకెల్ని వరసలో పెట్టడానికి ఎన్ని దారులున్నాయి! నల్లగొండ పల్లె నుంచి డిగ్రీతో వచ్చినవాడు, ఇదే రోడ్డు మీద సెంటర్లు మారుతూ సి లాంగ్వేజ్ చెబుతూనే ముసలివాడవుతున్నాడు. సినిమాల్లేవు, షికార్లు లేవు. నచ్చిన పేజీ కనబడితే చాలు, నెట్ పోయినా పిల్లలకి అందేలా ల్యాబ్‌లోని ప్రతి కంప్యూటర్‌లోనూ దాచిపెట్టేవాడు.

“నేనే తీయించానండీ,” అంది సెంటర్ నడిపే శేషారత్నం. గుడివాడ మనిషి. మంచిదే, కానీ మహా భయస్తురాలు. “ఏమనుకోకండి దశరథగారూ. ఎదురు సెంటర్ వాళ్లు ఇంటర్వ్యూ జవాబులు బట్టీ పట్టించి పంపేస్తున్నారు. మనవాళ్లేమో ఇంకా మెమొరీ బొమ్మలేసుకుంటున్నారు. రేపట్నుంచి మీరూ ఆ జవాబుల ఫైలే చెప్పాలండీ. లేదంటే ఇంకొకర్ని చూసుకుంటాను.”

ఒళ్లు మండిపోయింది దశరథకి.

“బట్టీ వట్టి లోపలికైతె పోతరు మేడం. పొయినంక ప్రోగ్రాం ఆగిపోతె ఏం జేస్తరు? గా ఫైలు సదువనీకి నేనెందుకు? టేపురికార్డర్ పెట్టుండ్రి.”

“ఉద్యోగం పోతుందండీ!”

“పోనియ్యిండ్రి.”

క్లాసులోకి వెళ్లాడు. నెట్ కూడా పోయింది. పోతే పోయిందిలే! కుర్చీలు వెనక్కి నెట్టించి పిల్లల్ని గోడవారన వరసగా నిలబెట్టాడు.

“మీరే అంకెలనుకోండ్రి. పక్కోని కంటె పొడుగున్నోడు కుడికి జరగాలె. ఒక్కసారికి ఇద్దరే. ఎగబడొద్దు!”

నవ్వులు, తోపులాటలు. ఒక చివర నుంచి మరో చివరకి మళ్లీ మళ్లీ సరిచూసుకుంటూ జరిగారు. ఇంతలో వనస్థలిపురం అమ్మాయి తన్మయి చెయ్యెత్తింది.

“సార్, ఈ రౌండులో ఒక్కరూ జరగలేదుగా! ఇంక ఆపేయొచ్చు కదండీ?”

దశరథ ముఖం వెలిగిపోయింది. “గదీ బిడ్డా! ఎవడు నేర్పిండు నీకు? ఎవ్వడు నేర్పలే. నువ్వే కనిపెట్టినవ్!”

క్లాసు అయ్యాక, సీడీల మీద పేర్లు రాసే నల్లమార్కర్ తీసుకున్నాడు. తనకి కంఠతా వచ్చిన ఆ పేజీల అడ్రసులన్నీ తెల్లబోర్డు నిండా పెద్ద అక్షరాలతో రాశాడు.

“రాసుకోండ్రి. ఎవ్వనికి పైస ఇయ్యనక్కర్లే.”

టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బయటికి నడిచాడు.

“రేపు ఓసారి మాట్లాడుకుందామండీ,” అంది శేషారత్నం, మెల్లగా.

“నేను రాను మేడం. నమస్తె.”

మర్నాడు జవాబుల ఫైలు పట్టుకుని కొత్తాయన వచ్చాడు. బోర్డుని డస్టర్‌తో రుద్దాడు, తడిగుడ్డతో రుద్దాడు. చివరికి విసుగొచ్చి ఆ అక్షరాల మీదే నీలంరంగుతో తన పాఠం రాశాడు. సాయంత్రం అటెండర్ వచ్చి నీలం అక్షరాలు తుడిచేశాడు. బోర్డు మీద నల్లవి అలాగే ఉన్నాయి.