గోడ మీది వందనాలు

ఎసట్లో బియ్యం పోసే ముందు శేషారత్నం గుప్పెడు తీసి ఆదివారం కానుకకని దేవుని డబ్బాలో వేస్తుంది. ఒక్క మనిషికి వండే బియ్యంలో గుప్పెడు తీస్తే మిగిలేది కాస్తే. అయినా తీస్తుంది. తర్వాత వాకిలి ఊడ్చి, తడిబట్టతో ప్రహరీగోడ తుడుస్తుంది, వందనాలు కూర్చున్న చోటు మాత్రం వదిలేసి.

ఈ వందనాల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. దుర్గి దగ్గరి ఆ పల్లెలో ఏసును నమ్ముకున్న విశ్వాసులు ఎదురుపడితే "వందనాలు" అంటారు. అవతలివాళ్లు తిరిగి వందనాలంటే సరే, మాట అక్కడికి చెల్లిపోతుంది. అనకపోతే ఎక్కడికీ పోదు. విననట్టు వెళ్లిన మనిషి ఇంటికి చేరి గోడెక్కుతుంది. పిచ్చుకంత ఉంటుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఏ ఇంట్లోనైనా తగాదాలప్పుడు ఒకటీ అరా కూర్చుని, రాజీ పడ్డాక దిగిపోతాయి. శేషారత్నం గోడ మీద మాత్రం పైవరస ఇటుక కనపడదు.

"ఏమే రత్నం, వాటిని కాస్త అవతలికి జరుపు. మా మిరపకాయలకి ఎండ తగలట్లా," అనేది పక్కింటి మస్తానమ్మ.

"నీ మిరపకాయల్నే జరుపుకో. అవి నా మాట వింటాయా ఏంది?"

అవన్నీ బాబూరావు వందనాలు. అతను రాళ్ల క్వారీలో ట్రాక్టరు డ్రైవరు. ఒకరోజు ట్రాక్టరు రివర్సు చేస్తుండగా వెనకున్న పుల్లయ్య, అంటే శేషారత్నం భర్త, దానికింద పడి చనిపోయాడు. బ్రేకు పడలేదన్నాడు బాబూరావు. ఊరంతా నమ్మింది, ఆమె నమ్మలేదు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, "వందనాలక్కా" అంటాడు. ఆమె మొహం తిప్పుకుని వస్తుంది. కక్ష పెట్టుకుని ప్రభువు బల్లలో చెయ్యి పెట్టకూడదు గనక, రొట్టె పళ్లెం వస్తే పక్కావిడకి జరిపేస్తుంది.

పొద్దుగూకేవేళ గోడంతా "అక్కా, అక్కా" అని మెత్తగా పలుకుతుంది. ఆమె గోడవార చాప వేసుకుని వింటుంది. ఆ ఇంట్లో ఆమెను పిలిచే గొంతులు అవే. పగ తీరలేదన్నది నిజం. బదులిస్తే అవి వెళ్లిపోతాయన్నదీ నిజమే. ఏది ముందో ఆమెకే తెలియదు.

ఎండాకాలంలో బాబూరావుకు పక్షవాతం వచ్చింది. నరసరావుపేట ఆసుపత్రిలో కాలు కాస్త స్వాధీనానికి వచ్చింది గానీ మాట రాలేదు.

"వాడి మాటలు వాడి దగ్గరేడున్నయ్యే, అన్నీ తెచ్చి నీ గోడ మీదే పెట్టాడుగా," అంది మస్తానమ్మ. "కూరలో ఉప్పు లేదని పెళ్లాంతో కూడా చెప్పలేకపోతన్నాడు."

"నేనేమన్నా తెమ్మన్నానా?"

"తెమ్మన్లా. ఉంచుకున్నావు."

ఆ ఆదివారం శేషారత్నం గుడి నుంచి వచ్చేసరికి బాబూరావు కర్ర పట్టుకుని గేటు ముందు నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఒక్క చెయ్యి గుండెల మీద పెట్టుకుని తల వంచాడు.

ఆమె గోడకేసి చూసింది. ఈ పూటనుంచి నన్నెవరు పిలుస్తారు అనుకుంది. అనుకుని, మొహం అతనివైపు తిప్పింది.

"వందనాలు తమ్ముడూ."

అవి ఎగరలేదు. బడి విడిచిపెట్టాక పిల్లలు వెళ్లినట్టు ఒకదాని వెనక ఒకటి గోడ దిగి, అతని చొక్కా పట్టుకుని పైకెక్కి, నోట్లోకి వెళ్లిపోయాయి. గోడ బోసిగా మిగిలింది.

బాబూరావు గుటక వేశాడు. "మంచినీళ్లక్కా," అన్నాడు.

ఆమె గేటు తీసి, అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి, చెంబు తెచ్చి తనే తాగించింది. వంకరపోయిన మూతి పక్కనుంచి నీళ్లు కారుతుంటే కొంగుతో తుడిచింది.

"బ్రేకు బాగానే ఉందక్కా," అన్నాడతను, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "నేనే వెనక్కి చూళ్లా."

శేషారత్నం చెంబు మళ్లీ అతని నోటికి ఆనించింది.

"తెలుసులేరా. తాగు."