మూసింది మూసినట్టే

ఆ వీధిలో తాళాలు బాగుచేసే అతనిది మెట్ల కింద చిన్న కొట్టు. ఊరి చివర ఫ్యాక్టరీ మూతపడలేదు, అలాగని నడవనూ లేదు. జీతాలు ఏళ్ళ తరబడి ఎక్కడివక్కడే. దాంతో వీధిలో ఒక్కో షట్టరూ దిగుతూ వచ్చింది. ముందు చెప్పుల కొట్టు, తర్వాత ఫోటో స్టూడియో, ఆపైన బట్టల దుకాణాలు. మిగిలినవాళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చునేవారు.

"కొత్త తాళం తీసుకోరాదూ?" అని అతను ఎవరినైనా అడిగితే, "తాళం వెయ్యాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి కదయ్యా!" అని నవ్వేవారు.

ఎన్నికల్లో కొత్త పార్టీ గెలిచింది. వీధివీధికీ ఓ కమిటీ వేసింది. మూతపడిన కొట్లన్నీ పని లేనివాళ్ళకిస్తామని మైకులో చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు. ఫ్యాక్టరీలో పని పోయి అక్క ఇంట్లో తిని పడుకుంటున్న అతని బావమరిది ఆ కమిటీలో చేరాడు. చేరిన మర్నాటికే వాడి నడక మారిపోయింది.

"బావా, పనిముట్లు తీసుకో. స్టూడియో షట్టర్ తెరవాలి."

"దాని యజమాని ఏమంటాడో?"

"ఊరొదిలి పోయినవాడు ఏమంటాడు? అనడానికి ఇక్కడుంటేగా!"

నిజమే, లోపల బూజు తప్ప ఏమీ లేదు. తర్వాత చెప్పుల కొట్టూ తెరిచాడు. కమిటీవాళ్ళు భుజం తట్టారు. "మా తమ్ముడు ప్రయోజకుడయ్యాడండీ," అని భార్య చాన్నాళ్ళకి మనసారా నవ్వింది.

ఓ మధ్యాహ్నం బావమరిది అతన్ని వాచీల కొట్టు ముందుకు తీసుకెళ్ళాడు. వాచీలు బాగుచేసే పెద్దాయన పొద్దున షట్టర్ ఎత్తడం అతను కళ్ళారా చూశాడు.

"ఒరేయ్, పెద్దాయన ఏదో పని మీద వెళ్ళుంటాడు."

"మూసుందా లేదా?"

"మూసుందనుకో, కానీ..."

"మూసింది మూసినట్టే. మీటింగులో అనుకున్నాం."

"మరీ అన్యాయం కదరా!"

బావమరిది గొంతు తగ్గించాడు. "బావా, నా వెనకున్నవాళ్ళని చూడు. వాళ్ళకి నువ్వు బావవి కావు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతను తాళం తీశాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది. సగం తాగిన టీ గ్లాసులోంచి ఇంకా ఆవిరి వస్తోంది.

అంతలో పెద్దాయన మందుల పొట్లంతో పరుగులాంటి నడకతో వచ్చాడు. "నాయనా, మందుల కోసం సందు చివరిదాకా వెళ్ళానంతే! పొద్దున నన్ను చూశావుగా, వీళ్ళకి చెప్పు."

అందరూ అతనివైపే చూశారు. అతను నేల చూపులు చూస్తూ, "నేను గమనించలేదు పెద్దాయనా," అన్నాడు.

పెద్దాయన మందుల పొట్లంతో వెనక్కి తిరిగాడు. వాచీల కొట్టు బావమరిదికే దక్కింది.

ఆ తర్వాత వీధిలో ఎవరూ షట్టర్ దించలేదు. ఖాళీ అరల ముందే తిన్నారు, అక్కడే పడుకున్నారు. భర్త స్నానానికి వెళితే భార్య వచ్చి కూర్చునేది. వీధి పొడుగునా కొట్లన్నీ తెరిచి ఉండటం చూసి కమిటీవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. వ్యాపారాలు పుంజుకున్నాయని మైకులో చెప్పారు. కొనేవాడు మాత్రం ఒక్కడూ లేడు. అతను ఎదురైతే ఇరుగుపొరుగు ముఖం తిప్పుకునేవారు. తప్పు తనదని తెలుసు కాబట్టి అతనూ పలకరించేవాడు కాదు.

వానాకాలం మొదట్లో అతనికి జ్వరం తగిలింది. ఒళ్ళు పెనంలా కాలుతున్నా దుప్పటి కప్పుకుని కొట్టుకి వచ్చాడు. కాసేపటికి బావమరిది వచ్చాడు. వాడి పక్కన ఎవరో కొత్త మనిషి.

"ఒంట్లో బాగోలేదటగా బావా. అక్క చెప్పింది. షట్టర్ దించేసి ఇంటికెళ్ళి పడుకో."

వాడి గొంతులో ఆపేక్ష నిజంగానే ఉన్నట్టుంది. కొత్త మనిషి మాత్రం గోడ నుంచి గోడ దాకా కొట్టుని కళ్ళతో కొలుస్తున్నాడు.

"పర్లేదురా. కాసేపట్లో అదే తగ్గుతుంది," అన్నాడతను, పళ్ళు టకటకలాడుతుంటే.

"నీ ఇష్టం," అని బావమరిది స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నిన్నిలా వదిలేసి ఎలా వెళతాను? నువ్వు లేచేదాకా నేనూ ఇక్కడే ఉంటాలే."