లిమా బస్తా

కాటా అన్నది తల్లి పెట్టిన పేరు కాదు, బజారు పెట్టింది. గింజల కొట్టు నడిపే ఆయన బస్తాను కంటితో చూసి బరువు చెప్పేవాడు. ఆయన లోకంలో లిమా అన్న మాట ముగ్గురి సొత్తు. అది సముద్రం అవతలి ఒక ఊరు, వెడల్పుగా తెల్లగా ఉండే ఒక చిక్కుడు గింజ, రెండు వీధుల అవతల విత్తనాలమ్మే మనిషి ఇంటిపేరు.

"ఊరిని తినలేం, మనిషిని ఉడకబెట్టలేం. మిగిలిందే మనకు సరుకు" అని నవ్వేవాడు.

కొత్త బస్తా దిగితే ఆయనకో పద్ధతి ఉంది. ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసి ఇంటికి, అక్కకు పంపేవాడు. ఆమె వండుకు తిని బాగుందంటేనే అమ్మకం. సరుకు పరీక్షా అయ్యేది, అక్క భోజనమూ గడిచేది. ఒక్క ఖర్చుకు రెండు లాభాలు.

ఆ పొద్దున కరెంటు లేదు. చీకటి గోదాములో, లిమా అని అచ్చు వేసిన కొత్త బస్తాకు గొట్టం గుచ్చి, గింజలు మూటగట్టి పంపేశాడు. మధ్యాహ్నం విత్తనాల లిమా వగరుస్తూ గుమ్మంలోకి వచ్చాడు.

"అన్నా, బండివాడు నా బస్తా ఒకటి మీ దగ్గర దించేశాడట. ఎర్ర పురుగుమందు పట్టించిన విత్తనం. ఎవరూ ముట్టుకోలేదు కదా?"

కాటా తన చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఎర్రటి పొడి.

అక్కకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. గల్లాపెట్టె తెరిచి ఉండగానే పరుగందుకున్నాడు. అక్క భోజనం వేళ దాటిపోయింది. ఎటు నుంచి లెక్క వేసినా నష్టమే తేలుతోంది.

తలుపు తోశాడు. వంటింటి గట్టు మీద కడిగి బోర్లించిన పళ్ళెం. అక్క గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఉంది.

"అక్కా!"

కదల్లేదు. భుజం పట్టి కుదిపాడు.

"ఏంట్రా, కొంపలంటుకున్నాయా? తిన్నాక కాస్త కునుకు కూడా తియ్యనివ్వవా?"

"ఏం తిన్నావు?"

"రాత్రి మిగిలిన అన్నం. పొద్దున్నే గ్యాస్ అయిపోయింది. నీ గింజలు అదిగో, నానుతున్నాయి."

గిన్నెలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాటా సంగతంతా చెప్పాడు. అక్క గిన్నె వంక చూసింది, తమ్ముడి వంక చూసింది.

"అయితే ఇన్నేళ్ళూ నీ కొట్టుకు పూచీ నా పొట్టన్నమాట."

"అలా కాదక్కా..."

"ఎలా అయితేనేం? రేపటి నుంచి మొదటి ముద్ద నీది. నేను చూస్తూ కూర్చుంటా."

మర్నాడు గోదాము తలుపులన్నీ బార్లా తెరిచి, తినే గింజలేనని ఒకటికి పదిసార్లు చూసి మరీ తెచ్చాడు. అక్క ఉడికించి, ఉప్పు చల్లి ముందు పెట్టింది. గింజలు తెల్లగా మెరుస్తున్నాయి. ముద్ద ఎత్తాడు. చెయ్యి పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

"ఊఁ, కానివ్వు" అంది అక్క, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. "అవతల నాకు ఆకలేస్తోంది."

వేళ్ళ మధ్య నుంచి ఒక గింజ జారి పళ్ళెంలో పడింది. ఆయన ఇంకా నోరు తెరవలేదు.