తువాలు కింద రెండు వేళ్లు

రసూల్ సాహెబును ధర అడగాలంటే సుంకన్నకు నాలుక మడతపడేది. ఇంకెవరైనా అయితే అణా దగ్గర గంటసేపు పీకులాడే మనిషే. చీరల షావుకారుతో గొంతు చించుకుని, విసురుగా లేచిపోయి, వీధి మలుపు దాకా వెళ్లి మళ్లీ వచ్చి కూర్చునే ఘటం. రసూల్ ముందర మాత్రం ఆ నోరంతా ఏమైపోయేదో! ఇద్దరూ కర్నూల్లో ఒకే వీధిలో పుట్టి పెరిగారు. సుంకన్న తండ్రి పోయిన నాడు పాడెకు భుజం పట్టినవాడు రసూల్. రంజాన్ పండక్కి సేమ్యా గిన్నె మొదట వచ్చేది సుంకన్న గుమ్మానికే. అలాంటివాణ్ణి పట్టుకుని, నా ఇంట్లో దీపాలు పెట్టడానికి ఎంత తీసుకుంటావని ఎట్లా అడగడం?

అడగక తప్పని పని వచ్చింది మరి. సుంకన్నది గుంట మగ్గం. నలభై దాటాక కళ్లు మోసం చేశాయి. పొద్దు వాలితే చాలు, తెగిన పోగు ఎక్కడుందో కనబడదు. కిరసనాయిలు దీపం పెట్టుకుంటే పొగకు కళ్లు ఇంకా మండేవి. ఊళ్లోకి కరెంటు వచ్చి రెండేళ్లయింది. ఒకప్పుడు పెళ్లిళ్లకు గ్యాసు లైట్లు వెలిగించే రసూల్, ఇప్పుడు ఇళ్లకు తీగలు లాగే పని నేర్చుకుని మంచి పనివాడని పేరు తెచ్చుకున్నాడు. మగ్గం మీద ఒకటి, వంటింట్లో ఒకటి, రెండే రెండు దీపాలు. భార్య ఉరుకుందమ్మ తన కాళ్ల వెండి కడియాలు విప్పి సుంకన్న చేతిలో పెట్టింది.

"నీ కండ్లు బాగుంటే మళ్లా చేపించుకోవచ్చులే," అంది.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు కాశన్న, ఉరుకుందమ్మ తమ్ముడు. ఉండేది బేతంచెర్లలో, బతికేది సంతల్లో. ఎద్దుల బేరాలు కుదిర్చే దళారి. సంగతి విని పకపకా నవ్వాడు.

"ఏం బావా, స్నేహితుని మొగం జూసుకుంటా బేరమాడతారా యాడన్నా? నువ్వు అడగల్యావు, ఆయప్ప చెప్పల్యాడు. మధ్యలో నేను కూర్చుంటా. తువాలు కింద తేల్చేస్తాం. ఎవరి మొగం ఎవరూ చెడగొట్టుకునే పనుండదు."

సుంకన్నకు ప్రాణం లేచొచ్చింది. ఎద్దుల సంతలో జరిగే పద్ధతే అది. దళారి తన చేతి మీద తువాలు కప్పుకుంటాడు. అమ్మేవాడు దాని కిందికి చెయ్యి పోనిచ్చి దళారి వేళ్లు పట్టుకుంటాడు. పట్టుకున్న ఒక్కో వేలికీ పది రూపాయలు, నొక్కిన ఒక్కో కణుపుకూ ఒక రూపాయి. తర్వాత దళారి అట్లాగే కొనేవాడి చెయ్యి పట్టుకుని ఆ ధర చెబుతాడు. దుడ్లు కూడా దళారి చేతి మీదుగానే పోతాయి. ధర మాత్రం ఎవరూ పైకి అనరు, బేరం ముగిశాక కూడా అనరు. అన్నవాడు మర్యాద తెలియనివాడి కింద లెక్క. కరెంటు దీపానికి ఎద్దు బేరమేమిటని మీరు నవ్వొచ్చు. మొహమాటస్తులకు అంతకంటే మంచి దారి ఏముంది చెప్పండి!

మరునాడు పొద్దున్నే రసూల్ వచ్చి, తాడుతో గోడలన్నీ కొలిచి, అరుగు మీద కూర్చున్నాడు. కాశన్న తువాలు పరిచాడు.

"ఇదేం సంతప్పా, నన్ను ఎద్దును చేసినారే!" అని నవ్వుతూనే రసూల్ చెయ్యి పెట్టాడు.

కాశన్న తలాడించి సుంకన్న వైపు తిరిగాడు. తువాలు కింద రెండు వేళ్లు పట్టుకున్నాడు. రెండు కణుపులు నొక్కాడు. అంటే ఇరవై రెండు.

సుంకన్న వీధి వైపు చూశాడు. ఎదురింటి మహాదేవమ్మ ఆరు నెలల కిందటే రెండు దీపాలు పెట్టించింది. వేరే పనివాడు పధ్నాలుగు రూపాయలకు చేశాడని వీధంతా చెప్పుకుంది. పరాయివాడు పధ్నాలుగుకు చేసిన పనికి తనవాడు ఇరవై రెండా?

"యుద్ధం వచ్చె గదా బావా, తీగె కరువు," అని కాశన్న చెవిలో ఊదాడు.

సుంకన్న రసూల్ ముఖంలోకి చూశాడు. రసూల్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వుతూ గొంతు కోశాడే అనుకున్నాడు సుంకన్న. కాదనలేక తలూపాడు. కడియాలు అమ్మగా వచ్చిన దుడ్లు ఆ సాయంత్రమే కాశన్న చేతిలో పోశాడు. తువాలు కింద తేలిన మాట కాబట్టి పైకి ఒక్క మాటా అనలేదు. అనలేదు గానీ, లోపల ఉన్నది లోపలే ఉంటుందా?

రసూల్ పని మొదలుపెట్టిన రోజే అది బయటపడింది. నిచ్చెన మీదినుంచి అలవాటుగా కేకేశాడు. "ఉరుకుందమ్మా, రోంత మజ్జిగ ఇయ్యమ్మా!"

ఆమె లేవబోతే సుంకన్న కళ్లతోనే ఆపాడు. "కడవ ఆడుండాది. నీళ్లు ముంచుకో సాయిబూ," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక రసూలన్నా అనడమే తప్ప సుంకన్న నోట సాయిబు అన్న పిలుపు వచ్చిందే లేదు. నిచ్చెన మీద సుత్తి చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

రెండో రోజు మహాదేవమ్మ చూడ్డానికొచ్చి, పని నీటుగా ఉందని మెచ్చుకుంది. "పనికేం, శానా నీటు. తీసుకునే కాడ మొగమాటమే ల్యాకపాయ," అన్నాడు సుంకన్న, నిచ్చెన దాకా వినబడేటట్టు. రసూల్ గోడలోకి మేకు దించుతూ ఉండిపోయాడు.

మూడో రోజు పొద్దు గూకే వేళకు దీపం వెలిగింది. మగ్గం మీద పడుగు మొత్తం, పోగు పోగూ లెక్కపెట్టేటట్టు కనబడింది. ఉరుకుందమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. సుంకన్నకు ఏడుపొచ్చినంత పనైంది గానీ, బిగపట్టుకున్నాడు. రసూల్ నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని, రొంటిన కట్టుకున్న ముడి విప్పి నాలుగు రూపాయలు మగ్గం మీద పెట్టాడు.

"ఏమివి?" అన్నాడు సుంకన్న.

"నా కూలి. తీగెకూ సామానుకూ ఎనిమిదాయ, అవి మాత్రం వదులుకోల్యాను. పన్నెండు నీకు బరువైతాదని నాకు తెలీదప్పా. తెలిసింటే కూలి అడగకనే పోదును. మూడు దినాలాయ, నా మొగం జూడల్యా నువ్వు."

"పన్నెండా?" కేక వేసింది ఉరుకుందమ్మ. "ఇరవై రెండు గదన్నా! నా కడియాలమ్మి ఇరవై రెండు ఇచ్చినాం గదన్నా!"

అరుగు మీద వక్కాకు నములుతున్న కాశన్న నమలడం మానేశాడు. రసూల్ అతని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. సుంకన్ననే చూస్తూ నిలబడ్డాడు.

"అయితే ఈ మూడు దినాలూ నీ లెక్కలో నేను నీ పెండ్లాం కడియాలు తిన్నోణ్ణి."

"రసూలన్నా..."

"వాడు దళారి, వాని బుద్ధి అది. నువ్వు నన్నొక్క మాట అడగల్యా, సుంకన్నా."

"తువాలు కింద మాట గదన్నా, ఎట్లడిగేది..." ఆ మాట సుంకన్న చెవులకే సిగ్గుగా వినబడింది.

"తువాలు ఎద్దులకప్పా. నీకూ నాకూ ఏమిటికి?"

సుత్తీ పట్టకారూ సంచిలో వేసుకుని రసూల్ వెళ్లిపోయాడు. నాలుగు రూపాయలు మగ్గం మీదే ఉండిపోయాయి.

సుంకన్న ఒక్క దూకున అరుగు మీదికి వచ్చి కాశన్న గొంతు దగ్గర గుడ్డ పట్టుకున్నాడు. ఉరుకుందమ్మ జుట్టు విరబోసుకుని తిట్టింది. "నా కాళ్లవి రా అవి! తోడబుట్టినదాని కాళ్లు బోడి చేసి తింటివే, నీ నోట మన్నుబడ!"

కాశన్న మొదట అది తన దళారీ రుసుం అన్నాడు, తర్వాత యుద్ధం వంక చెప్పాడు. చివరికి పది రూపాయలూ తీసి అరుగు మీద విసిరి, సుంకన్న చెయ్యి విదిలించుకున్నాడు.

"రెండో వేలు పట్టింది నేనే, ఒప్పుకుంటా. నమ్మిందెవరు బావా? రసూల్ అట్లాంటోడు గాదని నువ్వొక్క మాట అనింటే, నవ్వులాటకు అన్నాలే అని ఆ పొద్దే సర్దుకుందును. నువ్వేం జేస్తివి? తలకాయ ఊపితివి."

కాశన్న మూట చంకన పెట్టుకుని రైలుకు పోయాడు.

తెల్లారగానే సుంకన్న ఆ నాలుగు రూపాయలు పంచె కొంగున ముడేసుకుని రసూల్ ఇంటికి వెళ్లాడు. తలుపు తీసింది రసూల్ భార్య దౌలత్ బీ. ఆమె నోట ఎప్పుడూ ఒకటే మాట: రా నాయనా, మీ అన్న లోపలుండాడు. ఇవాళ తలుపు సగమే తీసింది.

"సాయిబు ఇంట్లో ల్యాడప్పా," అంది.

లోపలినుంచి రసూల్ దగ్గు వినబడింది. సుంకన్న ముడి విప్పబోయి, మళ్లీ బిగించుకుని, వచ్చిన దారినే ఇంటికి నడిచాడు.